గ్వాషా ఇంట్లో ఎలా చేయాలి: ఎరుపు కోసం గీకకండి

"ఎంత గీకినా వీడియోలో చూపించినట్టు ఎర్రబడటం లేదండీ, ఇంకొంచెం గట్టిగా గీకమంటారా?" నూనె రాసి, గుండ్రటి అంచున్న వస్తువుతో ఒంటిని గీకే చైనా పద్ధతి గ్వాషా, దాని మాట ఎత్తగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే, విజయవాడ నుంచి అడిగినా డల్లాస్ నుంచి అడిగినా. వద్దండీ, దయచేసి గట్టిగా గీకకండి. ఆ వీడియోల్లో కనిపించే వీపులు తెల్లవి, వాటి మీద నాలుగు గీతలు గీస్తే చాలు ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన చామనఛాయ ఒంటి మీద, నలుపు ఒంటి మీద అదే మార్పు వచ్చినా ముదురు గోధుమ రంగులోనో వంకాయ రంగులోనో ఉంటుంది, రాత్రిపూట ట్యూబ్‌లైట్ వెలుతురులో అయితే అసలు తెలియదు కూడా. కనిపించడం లేదని ఇంకా నొక్కి, ఇంకా నొక్కి, చివరికి తోలు లేపుకున్నవాళ్ళని చూశాను. అందుకే ఏం కావాలి, ఎలా కూర్చోవాలి, ఎన్నిసార్లు గీకాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కడ ఆపాలి అన్నది ఈసారి మొదటి నుంచి రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది మెడ వెనక, భుజాలు, వీపు పైభాగం గురించే, ఎందుకంటే ఇంట్లో చేసుకోవడానికి కాస్త సులువైన చోట్లు అవే, మనవాళ్ళకి లాప్‌టాప్ ముందు కూర్చుని పట్టేసేవీ అవే.

అసలు సంగతి రెండు ముక్కల్లో. చైనా భాషలో 'గ్వా' అంటే గీకడం, 'షా' అంటే అలా గీకినప్పుడు చర్మంలో ఇసుక చల్లినట్టు తేలే చుక్కలు. నూనె రాసి, గుండ్రటి అంచున్న వస్తువుతో ఒకే దిక్కుగా గీకుతారు, అంతే. వియత్నాంలో దీన్ని 'గాలిని గీకేయడం' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, ఇండోనేషియాలో 'కెరోకన్' అంటారు, అక్కడ నాణెంతో చేస్తారు. మన దగ్గర కొందరు దీన్నీ హిజామానీ ఒకటే అనుకుంటున్నారు, కాదు. హిజామాలో చర్మం మీద సన్నగా గాట్లు పెట్టి కప్పులతో రక్తం తీస్తారు. గ్వాషాలో చర్మం తెగనే కూడదు, తెగిందంటే తప్పు చేసినట్టే.

నేను ఇది నేర్చుకున్నది గ్వాంగ్‌జౌలో, మావారి ఉద్యోగం కోసం అక్కడ ఉన్న నాలుగేళ్ళలో. పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు, అక్కడ ఆంటీని 'ఆయీ' అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ దగ్గర జేడ్ రాయీ లేదు, ఏమీ లేదు, సూప్ తాగే పింగాణీ స్పూను ఒకటే. మొదలుపెట్టే ముందు దాని అంచు చుట్టూ బొటనవేలు ఒకసారి తిప్పేవారు, ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని. తర్వాత చిన్న గిన్నెలో నూనెలో ముంచి, మెడ మీద నాలుగైదు గీతలు గీకి, ఆగి, అరచెయ్యి ఆనించి చూసేవారు. మళ్ళీ నాలుగు గీతలు, మళ్ళీ అరచెయ్యి. కళ్ళతో కంటే చేత్తోనే ఎక్కువ చూసేవారు. మన రంగు చర్మానికి కావలసింది సరిగ్గా ఆ పద్ధతే, కింద చెప్పబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ చుక్కలు 'విషం బయటికి రావడం' అని చాలామంది చెబుతారు. అవి విషం కాదు, చర్మంలోని సన్నటి రక్తనాళాల నుంచి ఊరిన రక్తం, నాలుగైదు రోజుల్లో ఒళ్ళే దాన్ని పీల్చేసుకుంటుంది. మరి ఉపశమనం ఎందుకొస్తుందంటే, 2007లో 11 మంది మీద చేసిన ఒక పరిశీలనలో గీకిన చోట చర్మంలో రక్తప్రసరణ మొదటి ఏడున్నర నిమిషాలపాటు నాలుగు రెట్లు పెరిగిందని తేలింది. 2011లో జర్మనీలో ఎప్పటినుంచో మెడనొప్పి ఉన్న 48 మందిని రెండు జట్లుగా చేసి, సగం మందికి గ్వాషా, సగం మందికి వేడి కాపడం ఇచ్చి చూస్తే, వారం తర్వాత గ్వాషా జట్టుకి నొప్పి ఎక్కువ తగ్గింది. రెండూ చిన్న పరిశీలనలే. కండరం పట్టేసిన నొప్పికి కొద్దిరోజులు సుఖమిస్తుంది అన్నంతవరకు నేను నమ్ముతాను, నా ఒంటి మీద చూశాను కూడా. షుగర్ తగ్గుతుంది, థైరాయిడ్ పోతుంది అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ముందు ఇది చదవండి: ఎవరికి చేయకూడదు

ఈ భాగం దాటేసి కిందికి వెళ్ళకండి.

జ్వరం ఉన్నవాళ్ళకి చేయకండి. చైనాలో వేసవి జ్వరానికి, ఎండదెబ్బకి గీకడం పాత అలవాటే, అది చూసి మనవాళ్ళూ అడుగుతున్నారు. కానీ మన దగ్గర వానాకాలంలో జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళ వెనక పోటు అంటే అది డెంగీ కావచ్చు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు గీకితే చర్మం కింద రక్తం ఆగకుండా ఊరుతుంది. పైగా డెంగీలో ఒంటి మీద వాటంతట అవే ఎర్ర చుక్కలు రావడం డాక్టర్లు వెతికే గుర్తు, మీరు గీకి చుక్కలు తెప్పిస్తే ఏవి జబ్బువి, ఏవి గీకినవి అన్నది వాళ్ళకి తెలియదు. జ్వరం వస్తే రక్తపరీక్ష, అంతే.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి వద్దు. గుండెకి స్టెంట్ వేసుకున్నవాళ్ళు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాల్వ్ మార్చినవాళ్ళు వాడే వార్ఫరిన్, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. "రెండు రోజులు మాత్ర ఆపేసి చేయించుకోనా" అని ఒకాయన అడిగారు, అలా ఎప్పుడూ చేయకండి, మెడనొప్పి కోసం గుండె మందు ఆపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

గర్భిణులకి ఇంట్లో వద్దు. పొట్ట, నడుము సంగతి సరే, భుజం మీద మెడకీ భుజం కొసకీ మధ్యన ఉండే చోటుని కూడా చైనా వైద్యంలో గర్భిణులకి ముట్టుకోరు. పుండ్లు, దద్దుర్లు, సెగగడ్డలు, ఎండకి కమిలిన చర్మం, ఉబ్బిన నరాలు, ఈమధ్య ఆపరేషన్ జరిగిన చోటు, విరిగిన ఎముక మీద వద్దు. పుట్టుమచ్చలనీ మొటిమలనీ తప్పించి గీకాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకి ఎంత నొక్కుతున్నారో తెలియదు కాబట్టి వద్దు. పిల్లలకి వద్దే వద్దు.

ఇంకొకటి. ఎడమ భుజం లాగుతూ చెమటలు పట్టినా, ఛాతీ బరువుగా ఉన్నా, మెడనొప్పితో పాటు చెయ్యి తిమ్మిరెక్కి పట్టు జారుతున్నా, అది నూనె రాసి గీకే నొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఏమేం కావాలి

గీకే వస్తువు: నా ఓటు పింగాణీ సూప్ స్పూనుకే. అంచు మందంగా, నున్నగా ఉంటుంది, వేడినీళ్ళలో మరిగించవచ్చు, వందా రెండొందల్లో వస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే జేడ్ రాళ్ళు, గేదెకొమ్ము బిళ్ళలు, ఫిజియోథెరపీవాళ్ళు వాడే స్టీలువి కూడా బాగానే పనిచేస్తాయి, రాయి ఖరీదైనంత మాత్రాన నొప్పి ఎక్కువ తగ్గదు. మామూలు స్టీలు స్పూను మాత్రం చాలావరకు అంచు పలచగా ఉంటుంది, దాంతో జాగ్రత్త. నాణెమైతే అంచున గీతలు ఉన్నది వాడకూడదు. ఏ వస్తువైనా పరీక్ష ఒకటే: అంచుని మీ ముంజేతి లోపలి వైపు, నూనె లేకుండా, మెల్లగా లాగి చూడండి. తెల్లటి గీత పడినా, గుచ్చుకున్నట్టు అనిపించినా అది పక్కన పెట్టేయండి.

నూనె: కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ, రెండు మూడు చెంచాలు. చలికాలంలో కొబ్బరినూనె పేరుకుంటే గిన్నెని వేడినీళ్ళలో పెట్టి కరిగించండి. బామ్ రాసి గీకొచ్చా అని అడుగుతుంటారు. ఇండోనేషియాలో అలా చేస్తారు, కానీ మొదటిసారి మీరు బామ్ వాడకండి, గీకిన చర్మం మీద అది మండుతుంది, ఆ మంటలో మీరు ఎక్కువ నొక్కారో లేదో అవతలి మనిషికే తెలియకుండా పోతుంది.

ఇంకా ఒక పాత తువ్వాలు, పాత బనియనో నైటీనో (నూనె మరక పోదు), గోరువెచ్చని మంచినీళ్ళు, పగటి వెలుతురు. చివరిది మరిచిపోకండి, కిటికీ పక్కన కూర్చోబెట్టి చేయండి. చేసే మనిషి గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరాలు, గాజులు తీసేయాలి.

చేసే విధానం

1. ముందు కొలత తీసుకోండి. తల ఎటూ వంచకుండా మెడ మాత్రం కుడికి తిప్పమనండి, ఎడమకి తిప్పమనండి, గడ్డం ఎంతవరకు వెళ్తోందో ఫోన్‌లో ఫోటో తీయండి. నొప్పి పదికి ఎంత అని అడిగి రాసుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు, తర్వాత తగ్గిందా లేదా అంటే "ఏమో, తగ్గినట్టే ఉంది" అంటారు. అది లెక్కలోకి రాదు.

2. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చోబెట్టండి, అంటే కుర్చీ వీపుని కౌగిలించుకున్నట్టు. దాని మీద దిండు పెట్టి నుదురు ఆనించమనండి. భుజాలు కిందికి జారాలి. బిగబట్టి కూర్చుంటే కండరం రాయిలా ఉంటుంది, దాని మీద గీకితే నొప్పే తప్ప ఫలితం ఉండదు. ఖాళీ కడుపుతో వద్దు, భోంచేసిన వెంటనే కూడా వద్దు, గంట గడవనివ్వండి. ఏసీ గాలి నేరుగా వీపుకి తగలకుండా చూడండి.

3. గీకకముందు చర్మాన్ని చేత్తో చూడండి. నాలుగు వేళ్ళతో భుజం మీద నొక్కి తీసేయండి. వేళ్ళు పడిన చోట తెలుపు వెంటనే మాయమైతే సరే, అచ్చు కాసేపు అలాగే ఉండిపోతే అక్కడ రక్తం నెమ్మదిగా తిరుగుతోందని, అక్కడ గీకితే లాభం ఉంటుందని చైనావాళ్ళ లెక్క. నల్లటి చర్మంలో తెలుపు అంతగా తెలియదు, అప్పుడు బొటనవేలితో మెల్లగా తడుముతూ పోండి, తాడు ముడిలా గట్టిగా తగిలే చోటు, "అబ్బా, అక్కడే" అని వాళ్ళనే చోటు గుర్తుపెట్టుకోండి. అరచెయ్యి ఆనించి వేడి ఎంత ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి, తర్వాత పోల్చుకోవడానికి.

4. నూనె ధారాళంగా రాయండి. స్పూను జారాలి, చర్మాన్ని లాక్కుపోకూడదు. మధ్యలో ఆరిపోయినట్టు అనిపిస్తే మళ్ళీ రాయండి, అప్పుడు బద్ధకిస్తే తోలు లేచేది ఖాయం.

5. పట్టుకునే తీరు. స్పూనుని నిలువుగా పెడితే అంచు కోసుకుంటుంది, మరీ పడుకోబెడితే రుద్దినట్టే ఉంటుంది తప్ప గీకినట్టు ఉండదు. చర్మానికి 30 నుంచి 45 డిగ్రీల వాలుగా, మీరు లాగుతున్న దిక్కుకి వంచి పట్టుకోండి. మణికట్టు ఆడించకండి, చెయ్యంతా కదలాలి. బరువు ఎంత వేయాలంటే, కింద కండరం కదులుతున్నట్టు మీ చేతికి తెలియాలి, ఎముక తగలకూడదు. అవతలి మనిషికి నొప్పి పదికి నాలుగు దాటకూడదు. ఊపిరి బిగబడుతున్నా, భుజం పైకి లేస్తున్నా నోటితో చెప్పకపోయినా ఎక్కువైందనే అర్థం. మనవాళ్ళు, ముఖ్యంగా మగవాళ్ళు, నొప్పి ఓర్చుకుంటేనే వైద్యం అనుకుంటారు, "పర్లేదు కానివ్వు" అంటారు. వాళ్ళ మాట వినకండి, భుజం చెప్పేది వినండి.

6. మొదట మెడ. తల వెనక జుట్టు మొదలయ్యే చోట, వెన్నుకి రెండు పక్కలా ఉండే గుంటల దగ్గర నుంచి మెడ అడుగు వరకు, పై నుంచి కిందికి మాత్రమే. వెనక్కి గీకకండి, ఎత్తి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టండి. ఒక గీత నాలుగు నుంచి ఆరు అంగుళాలు చాలు. నడుమ వెన్ను ఎముక మీద బరువు వేయొద్దు. మెడ ముందు భాగానికి, నాడి కొట్టుకునే పక్క భాగానికి స్పూను అసలు వెళ్ళకూడదు, అక్కడ మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాలు ఉంటాయి.

7. తర్వాత భుజం. మెడ అడుగు నుంచి భుజం కొస వరకు, లోపలి నుంచి బయటికి. ఎక్కువమందికి పట్టేసేది ఇక్కడే, చుక్కలు ఎక్కువ తేలేదీ ఇక్కడే. భుజం కొసన ఎముక వచ్చిన చోట ఆపేయండి.

8. తర్వాత వీపు. వెన్నుకి రెండు వేళ్ళ దూరంలో, రెండు పక్కలా పై నుంచి కిందికి, రెక్క ఎముక అడుగు వరకు. రెక్క ఎముకకీ వెన్నుకీ మధ్య ఉన్న చోటు చాలామందికి రోజంతా మౌస్ పట్టుకుని బిగిసిపోయి ఉంటుంది, అక్కడ కాస్త ఎక్కువసేపు ఉండొచ్చు. రెక్క ఎముక మీద మాత్రం గీకకండి. సన్నటివాళ్ళకి వెన్నుపూసలు, రెక్కలు పొడుచుకొచ్చి ఉంటాయి, వాళ్ళకి స్పూను కాక మూడు వేళ్ళతో నూనె మర్దనా చేస్తేనే మేలు.

9. ప్రతి నాలుగైదు గీతలకీ ఆగండి. అరచెయ్యి ఆనించండి. ముందు చూసినదానికంటే వేడిగా ఉందా? వేళ్ళ కొసలతో తడిమితే బొంబాయి రవ్వ చల్లినట్టు గరగరగా తగులుతోందా? స్పూను కింద కూడా ఆ గరుకుదనం తెలుస్తుంది. కిటికీ వైపు తిప్పి పక్కనుంచి చూస్తే రంగు ముదిరి కనిపిస్తుంది. ఈ మూడింట్లో రెండు వచ్చాయంటే ఆ గీత పని అయిపోయింది, పక్క గీతకి వెళ్ళండి.

10. ఏమీ రాకపోతే? ఒక్కో గీత మీద 15 సార్లకి మించకండి. పదిహేను అయ్యాక కూడా రవ్వ తగలలేదంటే ఆ చోట తేలేది లేదు, అంతే. చుక్కలు రాకపోయినా మెడ తేలిక పడినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. మొత్తం కలిపి మొదటిసారి పది నిమిషాలు, అలవాటయ్యాక పదిహేను. వంకాయ రంగు చుక్కలు దట్టంగా కలిసిపోయి మచ్చలా మారుతున్నా ఆపేయండి, "ఇంకా ఉంది, మొత్తం తీసేద్దాం" అన్న ఉబలాటం వద్దు.

11. తువ్వాలుతో అద్దినట్టు తుడవండి, రుద్దకండి. బనియన్ వేసుకుని పది నిమిషాలు కూర్చోమనండి, గబుక్కున లేస్తే కొందరికి కళ్ళు తిరుగుతాయి. గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు ఇవ్వండి.

చేశాక

చల్లటి స్నానం, చన్నీళ్ళు, ఏసీ గాలి వద్దని చైనాలో గట్టిగా చెబుతారు, కనీసం మూడు నాలుగు గంటలు ఆగి గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయమంటారు. గీకిన చర్మం సున్నితంగా ఉంటుంది కాబట్టి అది పాటించడం మంచిదే. ఆ రోజు జిమ్ వద్దు, మద్యం వద్దు, ఎండలో తిరగొద్దు. ఎండ సంగతి మన రంగుకి మరీ ముఖ్యం: గీరుకున్న చర్మం మీద ఎండ పడితే మన చర్మం నల్లమచ్చ పట్టేస్తుంది, అది నెలల తరబడి పోదు. స్క్రబ్, బామ్, పెర్‌ఫ్యూమ్ కూడా మచ్చ పోయేదాకా ఆ చోట రాయకండి.

స్పూను శుభ్రం చేయడాన్ని తేలిగ్గా తీసుకోకండి. చర్మం తెగినట్టు కంటికి కనిపించకపోయినా గీకేటప్పుడు సూక్ష్మంగా రక్తం అంచుకి అంటవచ్చు, హెపటైటిస్ బి, సి లాంటివి అలా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ప్రమాదం ఉంది. సబ్బుతో కడిగి, పింగాణీ, స్టీలు అయితే పది నిమిషాలు మరిగించండి. కొమ్ము బిళ్ళని మరిగిస్తే వంకరపోతుంది, రాయి పగలవచ్చు, వాటిని సబ్బుతో కడిగి స్పిరిట్‌తో తుడవాలి. అన్నిటికంటే సులువు, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో స్పూను పెట్టుకోవడం. ఆ స్పూను మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. బయట పార్లర్‌లో చేయించుకుంటే బిళ్ళ ఎలా శుభ్రం చేస్తారో అడగండి, మొహమాటపడకండి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

వెంటనే ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి మెడ తిప్పించి మొదటి ఫోటోతో పోల్చండి. గడ్డం అంగుళమైనా ముందుకి వెళ్ళిందా, నొప్పి పదికి ఏడు నుంచి నాలుగుకో అయిదుకో దిగిందా చూడండి. అసలు కొలత ఇదే. చుక్కలు ఎన్ని తేలాయి అన్నది ఫలితం కాదు.

మచ్చలని కూడా రోజూ చూడండి. మంచి 'షా' అయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది, ముట్టుకుంటే కాస్త పచ్చిగా ఉంటుంది తప్ప నొప్పి ఉండదు, మర్నాటికే పలచబడటం మొదలై మూడు నాలుగు రోజుల్లో, మహా అయితే వారంలో పోతుంది. అలా కాకుండా గీత ఉబ్బి, ముట్టుకుంటే జివ్వుమంటూ, పచ్చగా నీలంగా మారుతుంటే అది షా కాదు, కమిలిన దెబ్బ. అంటే మీరు ఎక్కువ నొక్కారు. ఇది నాకు అనుభవమే. ఇండియా వచ్చిన కొత్తలో పింగాణీ స్పూను పగిలిపోతే, మావారికి స్టీలు స్పూనుతో, అదీ రాత్రి పదింటికి బెడ్‌రూమ్ లైటులో చేశాను. రంగు కనపడటం లేదని అలా గీకుతూనే పోయాను. పొద్దున చూస్తే వీపు మీద మూడు గీతలు కొరడాతో కొట్టినట్టు ఉబ్బి ఉన్నాయి, తొమ్మిది రోజులు వెల్లకిలా పడుకోలేకపోయారు. పగటి వెలుతురు, అరచెయ్యి, 15 గీతల లెక్క అని ఇన్నిసార్లు చెబుతున్నది ఆ వీపు గుర్తొచ్చే.

చర్మం రసి కారినా, మచ్చ చుట్టూ వేడెక్కి ఎర్రబడి పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా, గీకని చోట కూడా చుక్కలు కనిపించినా డాక్టర్‌కి చూపించండి. గీకని చోట చుక్కలు వస్తే మరీ ఆలస్యం చేయకండి, అది ప్లేట్‌లెట్ల సమస్య కావచ్చు.

ఎక్కువగా చేసే పొరపాట్లు

అందరూ చేసేది, ముందే చెప్పాను, రంగు కోసం గీకడం. రెండోది, పైకీ కిందికీ రెండు వైపులా గీకడం, కొబ్బరి కోరినట్టు. అలా చేస్తే చర్మం ఒరుసుకుపోతుంది. మూడోది తొందరపాటు: టకటకా గీకేస్తే చేతికి రవ్వ తగలడం తెలియదు, ఒక్కో గీతకి రెండు సెకన్లయినా పట్టాలి. నాలుగోది, సుఖంగా ఉంది కదా అని మర్నాడే మళ్ళీ చేయించుకోవడం. పాత మచ్చ పూర్తిగా పోయాకే అదే చోట మళ్ళీ గీకాలి, అంటే కనీసం అయిదు నుంచి ఏడు రోజులు. మధ్యలో నొప్పి వస్తే వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి. మూడు నాలుగు సార్లు చేశాక కూడా నొప్పి అలాగే తిరిగొస్తుంటే గీకడం మానేసి, కుర్చీ ఎత్తు, స్క్రీన్ ఎత్తు చూసుకుని, ఫిజియోథెరపిస్టుని కలవండి.

ఒక్కరే ఉంటే

భుజం, మెడ వెనక అయితే మీకు మీరే చేసుకోవచ్చు. ఎడమ భుజానికి కుడి చెయ్యి, కుడి భుజానికి ఎడమ చెయ్యి, అద్దం ముందు కూర్చుని. అలవాటు లేని చేత్తో బరువు అదుపు తప్పుతుంది, అందుకని ఆ పక్క సగం బరువుతోనే చేయండి. వీపుకి మాత్రం ప్రయత్నించకండి, చెయ్యి మెలితిప్పి గీకితే ఉన్న నొప్పికి కొత్తది తోడవుతుంది. వీపుకి టెన్నిస్ బంతిని గోడకీ వీపుకీ మధ్య పెట్టుకుని దొర్లించుకోవడం మంచి ప్రత్యామ్నాయం.

ముఖానికి చేసే గ్వాషా గురించి కూడా అడుగుతున్నారు. అది వేరే సంగతి. పేరొకటే గానీ అందులో చుక్కలు తేలనే కూడదు, రాయిని దాదాపు పడుకోబెట్టి, సుమారు 15 డిగ్రీల వాలుతో, నూనె మీద తేలిపోయినట్టు లోపలి నుంచి బయటికి లాగాలి. ఇక్కడ చెప్పిన బరువు ముఖం మీద వేస్తే మచ్చలు పడతాయి. దవడ బిగబట్టే అలవాటున్నవాళ్ళకి హాయిగా ఉంటుంది. ముఖం సన్నబడుతుంది, ముడతలు పోతాయి అన్న ఆశతో అయితే కొనకండి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట

ఈ మచ్చలు తెలియనివాళ్ళు చూస్తే కొట్టిన దెబ్బల్లాగే ఉంటాయి. 1975 తర్వాత వియత్నాం నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబాల్లో పిల్లల వీపు మీద ఇలాంటి గీతలు చూసి, తల్లిదండ్రులు కొట్టారేమోనని డాక్టర్లు అనుమానించిన సందర్భాలు అక్కడి వైద్య పత్రికల్లోకి కూడా ఎక్కాయి. పిల్లలకి చేయొద్దని చెప్పడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ ఇదీ ఒక కారణమే. పెద్దవాళ్ళయినా ఆ వారంలో డాక్టర్ దగ్గరికి వెళ్తే చొక్కా తీయకముందే "గ్వాషా చేయించుకున్నాను, ఫలానా రోజున" అని చెప్పేయండి. స్కానింగ్‌కో మసాజ్‌కో వెళ్ళినా చెప్పండి. ఇంటికొచ్చిన అత్తగారు మీ మెడ చూసి కంగారుపడితే, ఆ ఫోటోలు రెండూ, ముందుదీ తర్వాతదీ, పక్కపక్కన పెట్టి చూపించండి. మా అత్తగారికి నేను అలాగే చూపించాను, మర్నాడు పొద్దున కాఫీ అవగానే ఆవిడే కుర్చీ వెనక్కి తిప్పుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. బీపీ మాత్రలతో పాటు ఆస్పిరిన్ కూడా వేసుకుంటారని గుర్తొచ్చి స్పూను పక్కన పెట్టేసి, నువ్వులనూనె వేడి చేసి చేత్తోనే రాశాను.